ఎడమ చేతిలో సుద్దముక్క

చెవుల మేస్త్రి ఏ గోడనైనా మూడుసార్లు కొడతాడు. సుత్తి తిరగేసి, పిడి చివరతో మొదట మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా, మళ్ళీ మెల్లగా. కొట్టి, తల ఓ పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసి నిలబడతాడు. గోడ ఏదో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు ఉంటుంది చూసేవాళ్ళకి. తర్వాత "గట్టి" అంటాడు, లేదా "బోలు" అంటాడు. బోలు అన్నచోట, వెనకాలే వస్తున్న భార్య సుద్దముక్కతో గుండ్రంగా గీత గీస్తుంది. పాత ఇల్లు కొనేవాళ్ళు ముందు అతన్ని తీసుకెళ్ళి గోడలు కొట్టించి, మరమ్మతులకి ఎంత పక్కన పెట్టుకోవాలో తేల్చుకున్నాకే బేరానికి దిగుతారు. అతను ఎంతంటే అంతే అవుతుందని పేరు.

ఆ సగం మూసిన కళ్ళు చూసేది గోడని కాదు, భార్య చేతిని. సుద్ద ఆమె కుడి చేతిలో ఉంటే గట్టి. ఎడమ చేతిలోకి మారితే బోలు. రాళ్ళు కోసే మిషను అతని రెండు చెవుల్నీ తినేసి మూడేళ్ళయింది. ఆమె మాటల్ని ఆమె పెదాల మీద చదువుకుంటాడు. మిగతావాళ్ళవి ఎదురుగా నిలబడి గట్టిగా అంటే సగం అందుతాయి, తక్కిన సగం తలూపి గట్టెక్కుతాడు. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. చెవుల మేస్త్రికి చెవుల్లేవంటే పిలిచేవాళ్ళెవరు?

ఆ ఉదయం, పాత ఇల్లు కొనబోతున్న మందుల షాపాయన సందు మొదట్లోనే వాళ్ళకోసం కాచుకుని ఉన్నాడు. చంకలో నోటుబుక్కు, చెవి మీద పెన్ను. మేస్త్రి భుజం మీద చెయ్యేసి నాలుగడుగులు నడిపించాడు. రెండడుగులు వెనకగా బకెట్టూ, తాళ్ళూ, సుత్తుల సంచీ మోసుకుంటూ ఆమె నడిచింది.

"కొనే ధరలో అయిదో వంతు మరమ్మతులకి పక్కన పెట్టుకోమని నువ్వే కదా అందరికీ చెబుతావు" అన్నాడు షాపాయన, ఎదురుగా నిలబడి.

"అవునండీ. తక్కువ పెట్టుకున్నవాళ్ళు మధ్యలో ఆపేసి ఏడుస్తారు" అన్నాడు మేస్త్రి.

షాపాయన నవ్వాడు. అటూ ఇటూ చూసి మేస్త్రి చెవి దగ్గర నోరు పెట్టాడు. "ఆ అయిదో వంతూ నా జేబులోంచి ఎందుకు రావాలయ్యా? ఆ ఇంటావిడ ధరలోంచే రావాలి. గోడలు ఎలా ఉన్నా సరే, స్లాబు మాత్రం పోయిందనాలి. ఆవిడ ముందే అనాలి. అన్నావా, మొత్తం పని నీదే. రెండు నెలల పని. లేదంటే లేదని ఇప్పుడే చెప్పు. మధ్యాహ్నం ఇంకో మేస్త్రి వస్తానన్నాడు."

మేస్త్రి తలూపాడు. చెవి దగ్గర ఎవరు నోరు పెట్టినా అతను అలాగే తలూపుతాడు.

ఆ మాటలన్నీ వెనకున్న ఆమె చెవిలో పడ్డాయి. ఇంటిదాకా ఇంకా ఇరవై అడుగులున్నాయి. మొగుడి మోచెయ్యి పట్టుకుని తనవైపు తిప్పుకుంటే చాలు, పెదాలు కదిపితే చాలు. కానీ చెబితే అతనేం చేస్తాడో ఆమెకి తెలుసు. నడివీధిలో ఆగిపోయి, "ఇంకో మేస్త్రినే పిలుచుకోండి" అని సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరుగుతాడు. మూడు వారాలుగా వాళ్ళ తాపీ తడవలేదు. ఆమె బకెట్టుని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, ఏమీ అనకుండా నడిచింది.

ఇంటావిడని ఆ వీధిలో అందరూ గంటమ్మ అంటారు. పక్క బడిలో ముప్పై ఏళ్ళు గంట కొట్టి రిటైరయింది. గుమ్మానికి మూడు మెట్లు. పై మెట్టు మీద నిలబడి వాళ్ళని లోపలికి పిలిచింది. ముందుగదిలో మూలన చక్రాల కుర్చీలో ఆవిడ భర్త ఉన్నాడు. నడుం కింద పడిపోయిన మనిషి. నోరు మాత్రం బాగా నడుస్తుంది.

"రా మేస్త్రీ. ముందు నన్ను కొట్టి చూడు. బోలో గట్టో తేలిపోతే ఈవిడకో బెంగ తీరుతుంది" అన్నాడు పెద్దాయన.

"మీకు కొట్టడం దేనికి? లోపల ఏమీ లేదని నలభై ఏళ్ళుగా తెలుస్తూనే ఉందిగా" అంది గంటమ్మ.

మేస్త్రి వాళ్ళ నవ్వులు చూసి తనూ నవ్వాడు.

గంటమ్మకి ఇల్లు అమ్మడం చేతకాదని మేస్త్రి భార్యకి రెండో గదిలోనే అర్థమైపోయింది. మేస్త్రి కొట్టకముందే ఆవిడే చెప్పేస్తోంది. "ఈ తలుపు వానాకాలం బిగుసుకుంటుంది బాబూ, ముందే చెబుతున్నా. ఈ స్విచ్చు ముట్టుకోకండి, జిల్లుమంటుంది. స్నానాలగది గోడ చెమ్మ పీలుస్తుంది. దాచి అమ్మానన్న మాట నాకొద్దు." షాపాయన అన్నీ రాసుకుంటున్నాడు. మేస్త్రి కొడుతున్నాడు. స్నానాలగది గోడ ఒక్కచోట డొల్లగా పలికింది. సుద్ద ఎడమ చేతిలోకి వెళ్ళింది. "బోలు" అన్నాడు. ఆమె గీత గీసింది. తక్కినవన్నీ గట్టి. గట్టి, గట్టి అని వినబడ్డ ప్రతిసారీ షాపాయన పెన్ను ఆగుతోంది.

"అమ్మగారూ, ఇరవై రెండు లక్షలంటే..." అన్నాడు నసుగుతూ.

"ఇరవైకి దిగుతాను బాబూ. ఆపైన దిగలేను. వెనకవీధిలో కిందనే రెండు గదుల ఇల్లు మాట్లాడుకున్నా. మెట్లు లేవు. గుమ్మాలు ఇంత వెడల్పు" అని ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది. "ఈయన కుర్చీ వీధిలోంచి నేరుగా స్నానాలగదిలోకి పోతుంది. ఈ మూడు మెట్లూ ఈయన్ని మొయ్యడం నా వల్ల కావడం లేదు. బయానా ఇచ్చేశాను. నెలాఖరుకి ఇరవై కట్టకపోతే అదీ పోతుంది, ఇల్లూ పోతుంది."

ఆవిడ చాపిన చేతులు అలాగే ఉన్నాయి కొంతసేపు. మేస్త్రి భార్య ఆ చేతుల మధ్య ఖాళీని చూసింది.

చివరికి డాబా మీదకెక్కారు. ఓ మూలన నీళ్ళు పోయే తూముకి ఆకులు అడ్డం పడి, చుట్టూ నల్లగా నాచు పట్టి ఉంది. ఆ మూల కిందనే, ముందుగదిలో పెద్దాయన కూర్చునే చోట, కప్పు పెచ్చులూడి ఒక ఊచ బయటపడింది. అదంతా మూడురోజుల పని అని ఆమెకి చూడగానే తెలుసు. తూము బాగుచేసి, ఊచ గీకి, సిమెంటు పట్టిస్తే సరి. మేస్త్రి ఈసారి సుత్తిని ఇనప వైపు తిప్పాడు. స్లాబు మధ్యన కూర్చుని కొట్టాడు.

కంగుమంది.

నాలుగు చోట్ల కొట్టాడు. నాలుగు చోట్లా ఒకటే మోత. ఆ మోత కాళ్ళలోంచి పైకి పాకింది. గంటమ్మ మొహం వెలిగింది. "చూశావా అమ్మాయ్, బడిగంటలా లేదూ!" అంది ఆమెతో.

షాపాయన గంటమ్మని చూడలేదు. మేస్త్రి నోటినే చూస్తున్నాడు. మేస్త్రి తల వాల్చి, కళ్ళు సగం మూశాడు.

ఆమె సుద్దముక్కని ఎడమ చేతిలోకి మార్చుకుంది.

మేస్త్రి ఆ చేతిని చూశాడు. ఓసారి తన అరచేతిని చూసుకున్నాడు. సుత్తి ఎత్తి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆమె చేతి వంక చూశాడు. సుద్ద ఎడమ చేతిలోనే ఉంది. అతను లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"స్లాబు పోయిందండీ" అన్నాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. "లోపల ఊచలన్నీ తుప్పు తినేసుంటుంది. తీసి కొత్తది వెయ్యాలి."

"అదేంటి బాబూ, అంత బాగా మోగితేనూ!"

మేస్త్రి ఆవిడకి వీపు పెట్టి సంచీ సర్దుకుంటున్నాడు. షాపాయనే జవాబిచ్చాడు. "గంట వేరు, స్లాబు వేరు అమ్మగారూ. ఆయన చెవులకి ఊళ్ళో ఎదురులేదు." పెన్ను చెవి మీద నుంచి తీసి, నోటుబుక్కులో ఒక్క మాట రాసి, దాని కింద రెండుసార్లు గీత గీశాడు.

మూడోరోజు బేరం తేలింది. ఈలోగా ఇంకో ఇద్దరు కొంటామని వచ్చినవాళ్ళు, చెవుల మేస్త్రి స్లాబు పోయిందన్నాడట అని తెలిసి, లోపలికైనా రాకుండా వెనక్కి వెళ్ళారు. షాపాయన మేస్త్రినీ, అతని భార్యనీ వెంటబెట్టుకొచ్చి, ముందుగదిలో కూర్చుని నోటుబుక్కు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. తలుపులకింత, కరెంటుకింత, స్నానాలగదికింత, స్లాబు తియ్యడానికింత, వెయ్యడానికింత. ఒక్కొక్కటీ చదివి, తలెత్తి గంటమ్మని చూసి, మళ్ళీ చదివాడు. తలుపు సంగతీ, స్విచ్చు సంగతీ ఆవిడ చెప్పినవే. ఇప్పుడవి ఆవిడకే లెక్క చెబుతున్నాడు.

"పదహారు" అన్నాడు చివరికి.

గంటమ్మ మేస్త్రివైపు తిరిగింది. లేచి మేస్త్రి ఎదురుగా వచ్చి నిలబడింది. బడిలో పిల్లల్ని కేకేసిన గొంతు కాబట్టి ఆవిడ మాట గట్టిగా, ఒక్కొక్కటీ విడివిడిగా వస్తుంది. మేస్త్రికి ఆ మాట అందింది.

"ఆయనకి చెప్పినట్టు కాదు. నాకు చెప్పు మేస్త్రీ. ఇది నీ ఇల్లయితే నువ్వేం చేస్తావు?"

మేస్త్రి గుండెలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "నా ఇల్లయితే ఇవాళే ఖాళీ చేస్తాను తల్లీ. ఆ మూల పెచ్చులు ఊడిన చోటు చూశాక నాకు నిద్ర పట్టలేదు." అని, నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్ళి, కుర్చీని రెండు చేతులా పట్టుకుని ఆ మూల నుంచి ఇవతలకి జరిపాడు. చక్రానికి అడ్డొచ్చిన చెప్పుని వంగి తీశాడు. పెద్దాయన కాళ్ళ మీద దుప్పటి జారితే సర్దాడు. "ఇక్కడ కూర్చోండి బాబూ. అక్కడొద్దు."

అతను అలా దుప్పటి సర్దుతుంటే గంటమ్మ చూస్తూ నిలబడింది. అబద్ధమాడే మనిషి అలా సర్దడు. ఆవిడ భుజాలు కిందకి దిగిపోవడం గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి భార్యకి కనిపించింది. సుద్దముక్క ఆమె కొంగున ముడేసి ఉంది. అది ఉందో లేదో అని ఆమె తడిమి చూసుకుంది.

"కాగితాలు తీసుకురండి" అంది గంటమ్మ.

షాపాయన తలొంచుకుని నోటుబుక్కు మూశాడు. అదంతా తను చెప్పినట్టు ఆడిన నాటకమే అనుకున్నాడు అతను. బయటికొచ్చాక ఆమెతో, "మీ ఆయన మామూలోడు కాదమ్మా. నాటకాల్లో వెయ్యాల్సిన మనిషి. నాకే కళ్ళు చెమర్చాయి" అన్నాడు.

పదహారుతో వెనకవీధి ఇల్లు రాలేదు. బయానా పోయింది. గంటమ్మ ఎదురువరసలో మేడ మీద ఒక్క గది అద్దెకి తీసుకుంది. కింద గదులు అద్దెకి లేవు. ఉన్నవాటికి గుమ్మాలు ఇరుకు. సామాను తరలించే రోజున ఇద్దరు హమాలీలు పెద్దాయన్ని కుర్చీతో సహా ఎత్తి పద్దెనిమిది మెట్లెక్కించబోయారు. మలుపులో కుర్చీ తిరగలేదు. కుర్చీని కిందికి దించేసి, ఆయన్ని బియ్యం బస్తాలా భుజం మీద వేసుకున్నాడు ఒక హమాలీ. తలకిందులుగా వేలాడుతూ కూడా ఆయన ఊరుకోలేదు.

"పిలుపు రాకుండానే పైకి పంపించేస్తున్నారర్రా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. గంటమ్మ కుర్చీ చక్రం పట్టుకుని కింద మెట్టు దగ్గర నిలబడిపోయింది. ఆయన ఇంక కిందకి దిగడని ఆవిడకీ తెలుసు, హమాలీలకీ తెలుసు. మేస్త్రి ఎదురుగా ఆవిడ అమ్మిన ఇంట్లో కొలతలు తీసుకుంటూ కిటికీలోంచి ఇదంతా చూశాడు. "పోనీలే, ప్రాణాలతో బయటపడ్డారు" అన్నాడు భార్యతో. ఆమె టేపు రెండో కొస పట్టుకుని ఉంది. అది చేతిలోంచి జారింది.

"సరిగ్గా పట్టుకోవే" అన్నాడు.

షాపాయన నోటుబుక్కులో అసలు లెక్క వేరే పేజీలో ఉంది. స్లాబు ఆ లెక్కలో లేదు. తూముకి మూడు రోజులు, రంగులు, కొత్త వంటగట్టు, స్నానాలగదికి పలకలు, ముందుగదికి మంచి నేల. వాళ్ళావిడ ఆ పేజీ చూడకముందే ఇంటిని చూడ్డానికొచ్చింది. ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని, గుమ్మం బయటే ఆగిపోయింది.

"స్లాబు పోయిన కొంపట కదండీ ఇది. వీధి వీధంతా చెప్పుకుంటోంది."

"ధర తగ్గించడానికి అనిపించానే. స్లాబు రాయిలా ఉంది."

"అమ్మేదాని దగ్గర అబద్ధం ఆడించారో, నా దగ్గర ఇప్పుడు అబద్ధం ఆడుతున్నారో నాకెలా తెలుస్తుంది? కొత్త స్లాబుకి డబ్బులు పెట్టడం ఇష్టం లేక ఇలా అంటున్నారు. మీ సంగతి నాకు తెలీదా? షాపులో తేదీ దాటిన మందుని కూడా మంచిదే అంటారు."

"అయ్యో, ఆ మేస్త్రినే అడుగు!"

మేస్త్రి లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆవిడ అతని మొహంలోకి చూసి గట్టిగా అడిగింది. "నిజం చెప్పు. ఈ కప్పు కింద నా పిల్లల్ని పడుకోబెట్టొచ్చా?"

షాపాయన ఆవిడ వెనక నిలబడి కన్ను గీటాడు. చేత్తో 'బాగుందను, బాగుందను' అని సైగ చేశాడు. మేస్త్రి ఆ సైగని చూసి, మొహం తిప్పుకున్నాడు.

"వద్దమ్మా. పిల్లల విషయంలో అబద్ధమాడను. అయ్యగారికి ఖర్చవుతుందనే బాధ ఉంటే ఉండొచ్చు. స్లాబు పోయింది."

"విన్నారా?" అందావిడ.

షాపాయన మేస్త్రిని పెరట్లోకి లాక్కెళ్ళి చెవిలో బుసకొట్టాడు. "ఆవిడ ముందు అనమన్నానయ్యా, మా ఆవిడ ముందు కాదు! ఇప్పుడు నిజం చెప్పొచ్చు కదా?" మేస్త్రి తలూపాడు. "తలూపుతావేంటి! పెద్ద పని దొరుకుతుందని నా నెత్తినే చెయ్యి పెడతావా?" మేస్త్రి మళ్ళీ తలూపాడు.

మేస్త్రి భార్య ఆ సందులో షాపాయన భార్య దగ్గరికి వెళ్ళింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అమ్మగారూ, నాకు తెలిసినంతలో స్లాబు గట్టిదేనండీ. తూము దగ్గర మాత్రమే..." అంది.

ఆవిడ ఆమెని పైనుంచి కిందకి చూసింది. "సుద్దముక్క పట్టుకుని తిరిగేదానివి, నీకేం తెలుసు? మా ఆయన ఎంతిచ్చాడు నీకు, ఇలా చెప్పమని?"

ఆ సాయంత్రం నోటుబుక్కులో రంగులు కొట్టేశారు. వంటగట్టు కొట్టేశారు. నేలా, పలకలూ కొట్టేశారు. ఆ డబ్బంతా స్లాబులోకి పోయింది. మేస్త్రి కూలిలో మూడోవంతు కూడా కొట్టేసి, ఇష్టమైతే చెయ్యమన్నాడు షాపాయన. మేస్త్రి చేస్తానన్నాడు. "పిల్లలుండే ఇల్లు. డబ్బుకోసం చూస్తే ఎలా?" అన్నాడు దారిలో. ఆమె ముందు నడుస్తోంది. అతనికి ఆమె పెదాలు కనబడలేదు.

పగలగొట్టడం తూము మూల నుంచే మొదలుపెట్టారు. సమ్మెటవాళ్ళు మర్నాడొస్తారు, ఈలోగా అంచు తెరవాలి. మేస్త్రి ఉలి పట్టుకుని సుత్తితో కొడుతున్నాడు. ఆమె రాలిన ముక్కల్ని తట్టలోకి ఎత్తుతోంది. మూలన మొదటి అడుగు సులువుగా వచ్చింది. నాచు పట్టిన సిమెంటు బెల్లంలా పొడిపొడిగా రాలింది. ఊచ ఎర్రగా, పొలుసులు పొలుసులుగా ఉంది. మేస్త్రి దాన్ని గోటితో గీకి, చూశావా అన్నట్టు ఆమెవైపు తలెగరేశాడు.

రెండో అడుగులో ఉలి దిగలేదు.

అతను గట్టిగా కొట్టాడు. ఉలి పక్కకి జారి నిప్పురవ్వ లేచింది. సుత్తి వెనక్కి ఎగిరింది. కంగుమని మోత వీధి చివరిదాకా వెళ్ళింది. ఆమె తట్ట దగ్గర వంగినది వంగినట్టే ఉండిపోయింది. అతను ఉలి మార్చాడు. కొట్టాడు. మళ్ళీ సుత్తి ఎగిరింది. మణికట్టు పట్టుకుని రుద్దుకున్నాడు. గంటసేపు కొడితే జానెడు తెరుచుకుంది. లోపల ఊచ కనబడింది. ఇవాళే ఇనపకొట్టులోంచి తెచ్చినట్టు నీలంగా మెరుస్తోంది.

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు. ఊచని బొటనవేలితో తుడిచాడు. వేలికి ఏమీ అంటలేదు. స్లాబు మీద అరచెయ్యి పరిచి ఆనించి, ఎడమచేత్తో సుత్తి తీసుకుని, చెయ్యికి బెత్తెడు దూరంలో ఒక్క దెబ్బ కొట్టాడు. అరచెయ్యి తియ్యకుండా అలాగే ఉన్నాడు. తర్వాత తలెత్తి భార్య వంక చూశాడు. ఆమె ముక్కలు ఏరుతోంది. ఏరేసినవే మళ్ళీ ఏరుతోంది.

కింద వీధిలో గంటమ్మ వచ్చి నిలబడింది. చేతిలో పాలగిన్నె. గిన్నె వంగి పాలు కారిపోతున్నా చూసుకోలేదు.

"మేస్త్రీ! ఆ మోతేంటి మేస్త్రీ?" అని కేకేసింది.

మేస్త్రికి ఆవిడ నోరు కదలడం కనబడింది. అంత దూరం నుంచి మాట అందలేదు. భార్యవైపు తిరిగాడు. "ఏమంటోందావిడ?"

ఆమె లేచి నిలబడింది. పెదాలు అతనికి బాగా కనబడేలా తిప్పి, "దుమ్ము పడుతోందిట. నీళ్ళు చల్లమంటోంది" అంది.

"ముప్పై ఏళ్ళు ఇనుము మోగించాను!" గంటమ్మ కింద అరుస్తోంది. "చీలినదేదో, మంచిదేదో నాకు తెలీదా! ఆ రోజే అన్నాను, అన్నానా లేదా?" పైనుంచి జవాబు రాకపోయేసరికి ఆవిడ పాలగిన్నె మెట్టు మీద పెట్టింది. కుడిచెయ్యి పైకెత్తింది. గాలిలో లేని కమ్మీ పట్టుకుని, లేని గంటని కొట్టింది. ఒకసారి. రెండుసార్లు. ప్రతిసారీ నోటితో 'కంగ్' అని, చెవి మీద చెయ్యి పెట్టుకుని, స్లాబు వంక వేలు చూపించింది. ఏడుస్తోంది. ఏడుస్తూనే కొడుతోంది.

దానికి చెవులు అక్కర్లేదు. మేస్త్రి ఆవిడ చేతిని చూశాడు. భార్య పెదాల్ని చూశాడు. నీళ్ళు చల్లమని ఎవరూ అలా చెప్పరు.

అతను మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాడు. ఆమె వెనకాలే దిగింది. షాపాయనా, వాళ్ళావిడా అప్పుడే బండి దిగుతున్నారు. పక్కిళ్ళవాళ్ళు గుమ్మాల్లోకొచ్చారు. మేస్త్రి గంటమ్మ ఎదురుగా నిలబడి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, స్లాబు మంచిది. రాయిలా ఉంది. ఇంకో నలభై ఏళ్ళకి కూడా ఏమీ కాదు" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలియదు. వీధంతా విన్నది. "నాకు చెవులు వినబడవు. మూడేళ్ళయింది."

ఎవరో ఒకాయన నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. గంటమ్మ కళ్ళు మేస్త్రి మీద నుంచి మెల్లగా జరిగి, అతని వెనక నిలబడిన ఆమె మీద ఆగాయి.

"నీకు వినబడుతుందిగా, అమ్మాయ్?"

ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళింది.

"ఆ రోజు డాబా మీద నా పక్కనే ఉన్నావు. బడిగంటలా లేదూ అన్నాను నీతో."

షాపాయనకి ప్రాణం లేచొచ్చింది. భార్య చెయ్యి పట్టుకుని, "విన్నావా? విన్నావా ఇప్పుడు? స్లాబు మంచిదేనట! పని ఆపించెయ్యి. రంగులు వేయించుకుందాం, వంటగట్టు కట్టించుకుందాం" అన్నాడు.

ఆవిడ చెయ్యి విడిపించుకుంది. "చెవిటివాడి మాట పట్టుకుని పిల్లల్ని పడుకోబెట్టమంటారా? ఆ మూల తెరిచేశారు కూడా. కానివ్వండి. మొత్తం తీసెయ్యాల్సిందే."

"వాడే కదే పోయిందన్నది కూడా!"

"అప్పుడు వాడికి చెవుడని నాకు తెలీదుగా" అందావిడ.

గంటమ్మ వంగి పాలగిన్నె తీసుకుంది. అడుగున రెండు గుక్కలు మిగిలాయి. మేస్త్రిని ఒక్క మాట అనలేదు. నాలుగు లక్షలు తక్కువైనదాని గురించి షాపాయన్నీ అడగలేదు. కాగితాల మీద సంతకం తనదే. పద్దెనిమిది మెట్లూ ఒక్కొక్కటే ఎక్కుతూ, మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. పైనుంచి పెద్దాయన గొంతు వినబడింది. "ఏమంటాడు మేస్త్రి? నన్నెప్పుడు కొట్టి చూస్తాడట?"

మేస్త్రి భార్యవైపు తిరిగి చెయ్యి చాపాడు. ఏం అడుగుతున్నాడో ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత కొంగు ముడి విప్పి సుద్దముక్క అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని జేబులో వేసుకున్నాడు. ఆమె పెదాల వంక చూడకుండా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

ఆమె తట్ట తీసుకుని వెనకాలే వెళ్ళింది. అతను ఉలి పట్టుకుని, వీపు ఆమెవైపు పెట్టి కొడుతున్నాడు. ఎదురుమేడ మీద కిటికీ రెక్కల్ని ఎవరో లోపలికి లాగి మూశారు. మూసినా ఆపగలిగే మోత కాదది. మధ్యాహ్నందాకా, తర్వాత సాయంత్రందాకా, ఒక్కో దెబ్బకీ ఆ స్లాబు బడిగంటలా మోగుతూనే ఉంది. ఆ మోత ఏమిటో ఆ వీధిలో ఇద్దరు ఆడవాళ్ళకి తెలుసు. కొడుతున్న మనిషికి మాత్రం అది వినబడదు.